బిడ్డ పళ్లెం ముందు మనమూ కూర్చుందాం

2025 మార్చిలో కేరళలో 18 ఏళ్ల విద్యార్థిని మరణించింది. లావవుతానన్న భయంతో నెలల తరబడి తిండి మానేసిందనీ, అది అనొరెక్సియా అనీ పత్రికలు రాశాయి. చాలామంది ఆన్‌లైన్ డైట్ వీడియోలను నిందించారు. వాటి పాత్ర ఉండవచ్చు. కాని ఇది మొండితనమో ఫ్యాషనో కాదు, ప్రాణం తీయగల మానసిక వ్యాధి.

ప్రియులారా, మన సంఘాల్లో ఇది ఉపవాసం చాటున దాగవచ్చు. ఉపవాసమున్నవారు గడువు తీరాక సంతోషంగా భోంచేస్తారు. ఈ బిడ్డ తినలేదు. బరువు వేగంగా తగ్గినా, నెలసరి ఆగినా, తిన్న వెంటనే ప్రతిసారీ బాత్‌రూమ్‌కు వెళ్తున్నా ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించండి. టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1980లలో రూపుదిద్దుకున్న చికిత్సలో తల్లిదండ్రులదే ముఖ్యపాత్ర. బిడ్డ ఏమి తినాలో, ఎంత తినాలో కొంతకాలం వారే నిర్ణయించి, పక్కన కూర్చుని తినిపిస్తారు. తిట్టరు, అలాగని వదిలిపెట్టరు. బాగా చిక్కిపోయిన బిడ్డకు ఒక్కసారిగా ఎక్కువ పెట్టడం ప్రమాదం. వైద్యుల పర్యవేక్షణలోనే పెంచాలి.

ఆరాధన ముగిశాక “ఏమ్మా, లావయ్యావే” అనే పలకరింపు మానుకుందాం. ప్రార్థిద్దాం, ఆసుపత్రికీ తోడు వెళ్దాం. యాయీరు కుమార్తెను లేపిన ప్రభువు, ఆమెకు ఆహారం పెట్టే పనిని మాత్రం మనుషులకే అప్పగించాడు.