కౌలుకిచ్చిన విశ్వాసము

"పిల్లలు చేయి దాటిపోవుచున్నారు. గుడికి రమ్మన్న రారు. వచ్చినను వెనుక బెంచీలమీద ఫోనులు చూచుకొనుచు కూర్చుందురు. కావున యౌవనస్థుల కొఱకు మఱియొక కూడిక పెట్టవలెను." ఈ మాట తెలుగు క్రైస్తవ సంఘముల కమిటీలలో వినబడని సంవత్సరము లేదు. మాట వినబడినదే తడవుగా చందా పుస్తకము బయలుదేరును. డ్రమ్ములు, స్పీకర్లు కొనబడును. పొరుగూరి నుండి ప్రసంగీకుడు వచ్చును. పిల్లలందఱికి ఒకే రంగు టీషర్టులు పంచబడును. మూడు నెలలు గడచునప్పటికి అదే కమిటీలో అదే మాట మరల వినబడును. పుండొక చోట నుండగా మందు మఱియొక చోట రాయుచున్నారని చెప్పుటకే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము. మేమును పదునెనిమిది సంవత్సరములు ఆదివారపు బడిలో పాఠములు చెప్పినవారమే. ఈ నిందలో మాకును పాలు కలదు.

ఈ ఆదివారపు బడి యెవరి కొఱకు పుట్టినదో మొదట విచారింపవలెను. ఇంగ్లండులోని గ్లాస్టరు పట్టణమున 1780లో రాబర్టు రెయిక్సు అను పత్రికాధిపతి దీనిని వ్యాపింపజేసెను. ఆ పట్టణమున గుండుసూదుల పరిశ్రమ కలదు. వారమంతయు పనిచేసి ఆదివారమునాడు వీధులలో అల్లరి చేయుచు తిరుగు పేదబిడ్డలకు అక్షరములు నేర్పి, ఆ అక్షరములతో బైబిలు చదివించుట ఆయన సంకల్పము. ఆ బిడ్డల తలిదండ్రులకు చదువు లేదు, తీరిక లేదు. వేసవి సెలవులలో మనము జరుపు వి.బి.ఎస్. సంగతియు నిట్టిదే. 1898లో న్యూయార్కు నగరమున హాస్ అను నొక యిల్లాలు సారాయి దుకాణము నొకదానిని అద్దెకు తీసికొని, మురికివాడల పిల్లలను చేర్చుకొని యిట్టి బడి నడపెను. ఈ రెండును దిక్కులేని పిల్లలకు పెట్టిన గంజికేంద్రముల వంటివి. నేడు మన సంఘములలో ఎం.ఏ.లు, బి.ఇడి.లు, ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు తమ బిడ్డలను ఆ వరుసలోనే నిలువబెట్టి, ఇంట పొయ్యి రాజేయుట మానివేసిరి.

మన దేశమున సంగతి వేఱుగా నుండెనా యనగా, ఒకప్పుడు లేదు. 1842లో హయ్యరు దొర గుంటూరు చేరినప్పుడుగాని, 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కదినమున 2222 మంది బాప్తిస్మము పొందినప్పుడుగాని, ఆ విశ్వాసులలో నూటికి తొంబదిమందికి మించి నిరక్షరాస్యులనుట నిస్సందేహము. అందుచేత ఉపదేశి గ్రామమునకు వచ్చి, కూలిపనుల నుండి జనులు తిరిగివచ్చిన పిమ్మట లాంతరు వెలుతురులో పిల్లలకును పెద్దలకును ఒక్కచోటనే నేర్పెను. తండ్రియు కొడుకును ఒకే పలకమీద దిద్దిన దినములవి. ఆ తండ్రి నేర్చుకొన్నది ఇంటికి మోసికొని పోయెను. అతడు కఱవులో బ్రతికి బయటపడినవాడు, ఊరి బావిలో నీరు ముట్టనోచనివాడు. అయినను తన బిడ్డ విశ్వాసమును కౌలుకిచ్చివేయలేదు.

మా నాయనమ్మకు వ్రేలిముద్రయే సంతకము. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) రచించిన కీర్తనలు ఆమెకు ముప్పదికి పైగా నోటికి వచ్చును. విసుఱురాతియొద్ద, నాట్లలో, పసిపిల్లల నిద్రబుచ్చుచు వాటినే పాడెడిది. ఒక చరణమున సంస్కృత సమాసము వచ్చినచోట "దీని యర్థమేమే అవ్వా" యని మేమడిగితిమి. "నాకు తెలియదు నాయనా, చదువుకొని నీవే చెప్పు" మనెను. మేము సంస్కృతము నేర్చుటకు అదియే మొదటి కారణమని చెప్పిన నవ్వుదురేమో. పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో ఆ యువకుని విశ్వాసమునకు మూలము చెప్పుచు అవ్వయైన లోయిని, తల్లియైన యునీకేను పేరుపెట్టి తలంచెను. తిమోతి పోయిన యౌవనస్థుల కూడిక యేదో మాత్రము చెప్పలేదు. ఆ కీర్తనలు ఇప్పటి యువజనుల నోళ్లలో లేవు. "పాతవి, సాగదీసి పాడునవి" యని వారికి నేర్పినవారు పెద్దలే. విశాఖపట్టణము మొదలుకొని హైదరాబాదు వరకు ఏ యౌవనస్థుల కూడికకైనను పోయి, వినుకొండలో పుట్టిన జాషువ యెవరని యడిగి చూడుడు. ఆయన క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చెను. తెలుగువారి కంతటికి తెలిసిన ఆ కవిని ఆదివారపు బడి యెఱుగదు.

ఇక నేర్పుచున్న దేమి? కంఠస్థ వాక్యములు. మేము కంఠస్థమునకు విరోధులము కాము. అమరకోశము వల్లించి చదివినవారము, వల్లెవేత విలువ మాకు తెలియును. ఒక పోటీలో పదునొకండేండ్ల బాలిక నలువది వాక్యములు తడబాటు లేక చెప్పి స్టీలు డబ్బా గెలుచుకొనెను. అందులో మంచి సమరయుని కథలోని మాటలును గలవు. బహుమానమిచ్చు పని మాది. ఇచ్చి ఊరకుండక, "పొరుగువాడనగా ఎవరమ్మా?" యని యడిగితిమి. "మా పక్క ఫ్లాటువారు" అనెను. మంచి జవాబే. "వారి పేరేమి?" అంటిమి. బాలికకు తెలియలేదు. తల్లి వైపు చూచెను. తల్లికిని తెలియలేదు. ఆ యింట వారు నాలుగేండ్లుగా కాపురమున్నారట! ఆ తప్పు బాలికది కాదు. నలువది వాక్యములలో నొక్కదానినైనను భోజనమువేళ కలుపుకొని తినిన యిల్లు కాదది.

ప్రశ్న యడుగు పిల్లవాని గతి ఇంకను విచారకరము. తొమ్మిదవ తరగతి చదువు బాలుడొకడు యౌవనస్థుల కూడికలో, "నోవహు ఓడలోనికి రాని పసిపిల్లలు ఏమి పాపము చేసిరి?" అని యడిగెను. నాయకుడు అతని తలపై చేయి వేసి సందేహపు ఆత్మ పోవలెనని ప్రార్థించెను. ఆ బాలుడు మరల ప్రశ్న యడుగలేదు, మరల రాలేదు. పండ్రెండేండ్ల యేసు దేవాలయమున బోధకుల నడుమ కూర్చుండి వినుచు, ప్రశ్నలు వేయుచు నుండెనని లూకా వ్రాసెను. అక్కడి శాస్త్రులు తలపై చేయి వేయలేదు, ఆశ్చర్యపడిరి. పస్కా పండుగ ఏర్పాటులోనే, ఈ యాచారమేమని బిడ్డ యడుగుననియు తండ్రి చెప్పవలెననియు నిర్గమకాండము విధించెను. లూథరు 1529లో చిన్న ప్రశ్నోత్తర గ్రంథమును వ్రాయుచు, ఇది యింటి యజమానుడు తన యింటివారికి నేర్పవలసిన రీతియని ప్రతి భాగమునకు ముందే చెప్పెను, ప్రతి యాజ్ఞ వెంట దాని భావమడుగు ప్రశ్న పెట్టెను. గుంటూరు మండలమున ఆయన పేరు పెట్టుకొన్న సంఘములు వందలు గలవు. ఆ గ్రంథమును ఇంట తెఱచు యజమానులెందఱో వారే లెక్కించుకొందురు గాక.

"మాకు తీరిక లేదు" అందురు. ఇచ్చట మేము కొంచెము కఠినముగా మాటలాడక తప్పదు. పదవ తరగతి కాగానే బిడ్డను కార్పొరేటు కళాశాల హాస్టలులో చేర్చుదురు. పదునాఱవ యేట నుండి పదునెనిమిదవ యేటి వరకు, అనగా విశ్వాసము నిలుచుటయో కూలుటయో జరుగు ఆ రెండేండ్లు, ఆదివారమునాడు కూడ వారాంతపు పరీక్షలే. గుడికి గంటసేపు పంపుమని ప్రిన్సిపాలును అడిగిన తండ్రిని మేము ఇంతవరకు చూడలేదు. ఫీజు తగ్గింపుమని అడిగినవారిని చాలమందిని చూచితిమి. ర్యాంకు వచ్చినచో కృతజ్ఞతా కూడిక, రానిచో ఉపవాస ప్రార్థన. ఆ పిల్లవాడు ఇరువదవ యేట గుడి మానివేసినచో తప్పు సంఘకాపరిది! కఠోపనిషత్తులో వాజశ్రవసుడు యజ్ఞదక్షిణగా పాలుడిగిన ముసలి గోవులను ఇచ్చుచుండగా కుమారుడు నచికేతుడు చూచెను. చూచి, నన్నెవరికి ఇత్తువని మాటిమాటికి అడిగెను. తండ్రి కోపించెను. హిందువులైన చదువరులు మమ్ము మన్నింతురు గాక, ఆ కథ మా గుడిలో చదువదగినదని మాకు పలుమాఱు తోచినది. మనము దేవునికి ఇచ్చునది పాలుడిగిన గంటయని బిడ్డలు చూచుచునే యున్నారు.

వారు చూచుచున్నది ఇంకొకటి కలదు. దానిని గుఱించి మాటలాడుట ఏ కూడికలోను వినలేదు. మేము బడిపంతులము. ప్రవేశపు రిజిస్టరు మా చేతిమీదుగా నడచును. గుడిలో ఒక పేరు, బడి రిజిస్టరులో మఱియొక పేరు గల బిడ్డలు మా తరగతులలో నెందఱో. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులముల హక్కును హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరించిరి. క్రైస్తవులు వెలుపలనే యున్నారు. మతము మార్చుకొన్న దళితులను వెనుకబడిన తరగతులలోని 'సి' వర్గమున చేర్చి, నూటికి ఒకటి కేటాయించిరి. గుడికి పోయినంత మాత్రమున వాడ మాఱలేదు, ఊరివారి చూపు మాఱలేదు. కావున స్కాలర్‌షిప్పు కొఱకు, ఉద్యోగము కొఱకు తండ్రి రిజిస్టరులో 'హిందువు' అని వ్రాయించును. ఆ తండ్రిని మేము నిందింపము, నిందించు అర్హతయు మాకు లేదు. కాని ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు మా బల్లయొద్దకు వచ్చి, "అబద్ధమాడరాదని ఆదివారము మీరే చెప్పితిరి. నా పేరు రెండింటిలో ఏది అబద్ధము సార్?" అని యడిగినప్పుడు మాకు నోట మాట రాలేదు. ఆ ప్రశ్నకు డ్రమ్ములు జవాబు చెప్పవు. ఇది యీ చట్టపు అన్యాయము, ఇది మన భయము, ఇందు దేవునియెదుట మన స్థితి యిట్టిదని తండ్రి కొడుకును కూర్చుండబెట్టుకొని చెప్పవలెను. సంఘము ఆ తండ్రికి తోడు నిలువవలెను. ఇద్దఱును "ఊరకుండుము" అనినచో, విశ్వాసమనగా పెద్దలు ఊరకుండమను విషయమని బిడ్డ నేర్చుకొనును.

కులము మాటయు నంతే. చరిత్రవశమున గుంటూరు లూథరను సంఘములలో మాలలు, ఒంగోలు బాప్టిస్టు సంఘములలో మాదిగలు అధికులైరి. కూడికలో యువతీయువకులు ఒకే పాట పాడుదురు. పెండ్లి మాట రాగానే పెద్దలు పాత గీతలు వెదకికొందురు. అగ్రవర్ణముల నుండి వచ్చిన క్రైస్తవుల ప్రకటనలలో 'క్రైస్తవ' యను మాట పక్కనే కులము పేరు అచ్చగుచున్నది. క్రీస్తునందు భేదము లేదని వేదికపై పాడించి, ఇంట భేదము పాటించు పెద్దలయొద్ద బిడ్డలు నేర్చుకొనునది పాట కాదు.

యౌవనస్థుల నాయకులందఱు పనికిమాలినవారని మేమనుట లేదు. జీతము లేక, సాయంకాలములు ధారపోసి పనిచేయు సత్పురుషుల నెఱుగుదుము. 2021లో కరోనా రెండవ విజృంభణము నందు మా పట్టణమున బంధువులు సైతము ముట్టని శవములను మోసి, గోతులు త్రవ్వినవారిలో అట్టి యువకులు ఆఱుగురు గలరు. వారిలో ఇద్దఱు అంతకుముందు గుడికి రానివారే. ఎవరును పాటలు పెట్టి పిలువలేదు. పని యుండెను, వచ్చిరి. పందొమ్మిదవ శతాబ్దమున ఒంగోలు ప్రాంతమున క్రైస్తవులైన మాదిగలు గ్రామదేవతల జాతరలలో డప్పు కొట్టమని చెప్పి దెబ్బలు తినిరి. ఆ విశ్వాసము వారిని ఏదో యొకటి అడిగినది. ఇప్పటి కూడికలు యువకుని నేమియు అడుగవు. వచ్చినందులకు బిరియాని పెట్టి పంపుచున్నవి.

ద్వితీయోపదేశకాండము ఆఱవ అధ్యాయము తండ్రులకే ఆజ్ఞాపించుచు, ఇంట నున్నప్పుడును దారి నడచునప్పుడును, పండుకొనునప్పుడును లేచునప్పుడును బిడ్డలతో ఈ సంగతులు మాటలాడుమనెను. ఆ జాబితాలో ఆదివారము సాయంకాలము ఐదు గంటల ప్రస్తావన లేదు. దీనిని ఆధారము చేసికొని మేము మా సంఘపు కమిటీకి ఒక విన్నపము వ్రాసియిచ్చితిమి. నెలకొక ఆదివారము యౌవనస్థుల కూడిక రద్దుచేసి, ఆ గంట ప్రతి యింట తల్లిదండ్రులు బిడ్డలతో కూర్చుండవలెననియు, అవ్వలు తాతలు తమకు వచ్చిన కీర్తనలు నేర్పవలెననియు, పిల్లలు అడిగి జవాబు రాని ప్రశ్నలు కాగితముమీద వ్రాసి సంఘకాపరికి తెచ్చియీయవలెననియు కోరితిమి. విన్నపము తరువాతి సమావేశమునకు వాయిదా పడెను. ఆ సమావేశమున కొత్త స్పీకర్ల బిల్లు మంజూరై కాలము చాలలేదు.

మా యింట మాత్రము మొదలుపెట్టితిమి. రాత్రి అన్నములైన పిమ్మట పది నిమిషములు. ఇప్పటికి ఏడు వారములైనది. ప్రశ్నల కాగితము రెండవ పుటకు తిరిగినది. అందు మొదటిది మా చిన్నకుమారునిది: "నాన్నా, ఇన్నేండ్లు ఇంట ఎందుకు చేయలేదు?"