అన్నపూర్ణ పక్కనే ఆకలి



ఆదివాసీ ఆకలి అనగానే మీకేం గుర్తొస్తుంది? పాడేరు కొండలు, పోలవరం ముంపు ఊళ్లు. పాలకొల్లు మాత్రం గుర్తు రాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి కాలువ నీళ్లతో వరి పండే డెల్టా ఇది. ఇక్కడ ఆకలేంటని అడుగుతారు.

ఉంది. కాలవ గట్ల మీద, చెరువుల పక్కన పాకల్లో బతికే యానాది, ఎరుకల ఇళ్లలో ఉంది. నేనూ అలాంటి పాకలోనే పుట్టాను. మాకు గంజి పోసి మా అమ్మ "నాకు ఆకల్లేదురా" అనేది. అది అబద్ధమని డిగ్రీకొచ్చాక గానీ నాకు తెలియలేదు.

వరిచేలు చేపల చెరువులవుతుంటే మనోళ్లకి ఊడ్పులు, కలుపులు, కోతలు తగ్గిపోయాయి. చెరువుకి కావలి ఒకడు చాలు, పట్టుబడి రోజున పదిమంది చాలు. మిగతా రోజులు పొయ్యి వెలగాలంటే రేషన్ బియ్యమే దిక్కు.

2013 ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుంటే కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఉచితం. మంచిదే. కానీ లెక్కేయండి. 5 కిలోలంటే రోజుకి 166 గ్రాములు. పొద్దంతా నీళ్లలో నానిన మనిషికి అది ఒక్క పూట అన్నం.

అదైనా అందరికీ అందట్లేదు. మా చుట్టాలబ్బాయి పాకలోనే పుట్టాడు. జనన ధృవీకరణ పత్రం లేదని వాడి పేరు కార్డులో ఎక్కించలేదు. వాళ్లమ్మతో కలిసి ఓ ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగాను. ఆ నెలలన్నీ నలుగురి బియ్యం ఐదుగురు తిన్నారు. ఇంకో పెద్దమ్మకి వలలు లాగి లాగి వేలిముద్రలు అరిగిపోయాయి, మిషన్ ఆవిణ్ణి గుర్తుపట్టదు.

"మీవాళ్లు రేషన్ బియ్యం అమ్ముకుంటారు" అని వెక్కిరించేవాళ్లున్నారు. అమ్మడం మంచిదని నేననను. కానీ ఉత్త అన్నం ఎవరు తింటారండీ? నూనె, కారం, బిడ్డకి జ్వరం మందు ఎక్కడి నుంచి రావాలి? రెండు కిలోలు అమ్మిన తల్లి దొంగ కాదు. ఆ బియ్యం అమ్మి ఆమె పిల్లల కూరకి, మందుకి సర్దుకుంటోంది.

2003 మే 2న సుప్రీంకోర్టు ఆదిమ తెగల కుటుంబాలన్నింటికీ అంత్యోదయ కార్డులివ్వమంది. యానాదులు ఆ జాబితాలో లేరు. కానీ ఆధారం లేని వితంతువులకు, ముసలివాళ్లకు కూడా ఇవ్వమని అదే ఆదేశంలో ఉంది. అలాంటివాళ్లు మన ప్రతి పేటలోనూ ఉన్నారు. వాళ్ల తరఫున దరఖాస్తు రాసేవాళ్లేరీ?

అందుకే చదువుకున్న మిమ్మల్ని అడుగుతున్నాను. ఈ ఆదివారం మీ పేటలో ఇంటింటికీ వెళ్లి కార్డులు చూడండి. ఎవరి పేరు లేదో రాయండి. చెరువు పనికి వేరే ఊరెళ్లినవాళ్లు అక్కడే బియ్యం తీసుకోవచ్చని చెప్పండి. 2025 జూన్‌లో బండ్లు ఆగి మళ్లీ రేషన్ షాపులొచ్చాయి. 65 ఏళ్లు దాటినవాళ్లకి, దివ్యాంగులకి ఇంటికే ఇస్తామని ప్రభుత్వమే చెప్పింది. ఇవ్వకపోతే 1967కి ఫోన్ చేయించండి. అర్జీ ఇస్తే రసీదు లేకుండా వెనక్కి రావద్దు.

డొక్కా సీతమ్మ గారు అన్నం పెట్టిన గోదావరి సీమ ఇది. ఆ తల్లికి దణ్ణం. మనం అడిగేది మాత్రం దానం కాదు, చట్టం రాసిచ్చిన హక్కు. "నాకు ఆకల్లేదు" అని ఏ అమ్మా అబద్ధం చెప్పే అవసరం రాకూడదు.

జై ఆదివాసీ!