ఆదివారం... హాస్టల్ గదిలోనేనా!

దసరా సెలవులు అయిపోతాయి. ఎంజీబీఎస్‌లో, జూబ్లీ బస్‌స్టేషన్‌లో బ్యాగులు మోసుకుంటూ కాలేజీ పిల్లలు దిగుతుంటారు. సంచిలో అమ్మ కట్టిచ్చిన అప్పాల డబ్బా, పచ్చడి సీసా. పర్సులో పెద్దవాళ్లు 'బంగార'మంటూ చేతిలో పెట్టిన జమ్మి ఆకు.

అప్పాలు మూడో రోజుకే ఖాళీ. నాలుగో రోజు నుంచీ మళ్లీ అదే వరస. కాలేజీ, మెస్సు, మంచం, ఫోను. ఆదివారమైతే మరీనూ! పదకొండింటికి లేవడం, మెస్సులో చికెన్ తినడం, మళ్లీ పడుకోవడం. సాయంత్రం ఇంటినుంచి ఫోను. 'ఏం చేశావురా ఇవాళ?' అని నాన్న అడుగుతాడు. 'ఏం లేదు నాన్నా' అని వీడంటాడు.

ఆ 'ఏం లేదు'తోనే మూడేళ్లో, నాలుగేళ్లో గడిచిపోతాయి. చివరి ఏడాది ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నాయన 'మీ గురించి చెప్పండి' అంటాడు. పేరు, ఊరు, మార్కుల శాతం... అక్కడితో మాట ఆగిపోతుంది. మార్కులు తక్కువై కాదు, చెప్పుకోవడానికి మరేమీ లేక!

హైదరాబాద్ లాంటి నగరంలో చదువుకునే అదృష్టం దక్కాక దాన్ని గదిలో కూర్చుని పోగొట్టుకోవడం ఎందుకు? అందుకు శరదృతువును మించిన సమయం లేదు. వానలు తగ్గుతాయి, ఎండ ముదరదు, సెమిస్టర్ పరీక్షలకు ఇంకా కాస్త వ్యవధి ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకు ఈపాటికి బస్సు నంబర్లూ తెలిసిపోతాయి. పెద్ద ఖర్చేమీ లేకుండా చేయగలిగినవి ఎన్నో ఉన్నాయి.

తెల్లారేసరికి చెరువు గట్టున

చలి మొదలవుతుంటే ఉత్తరాది నుంచి, ఇంకా దూరదేశాల నుంచి పక్షులు నగరం చుట్టూ ఉన్న చెరువులకు వస్తాయి. మియాపూర్ దాటితే వచ్చే అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో ఒక నీటివనరుకు ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. ఫ్లెమింగోలు కూడా అక్కడికొచ్చే అతిథులే. ఒక్కరే వెళ్లి ఏ పిట్ట ఏమిటో తెలియక తికమకపడనక్కర్లేదు. 1980లో మొదలైన పక్షి ప్రేమికుల సంఘమే ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో పనిచేస్తోంది. వాళ్లతో కలిసి వెళితే అనుభవమున్నవాళ్లే పక్కన నిలబడి చూపిస్తారు. బైనాక్యులర్స్ కొనాల్సిన పనీ లేదు... తెచ్చినవాళ్లను అడిగితే ఓసారి ఇస్తారు.

పక్షులు కాదంటే రాళ్లు! హైదరాబాద్ గుట్టల్లోని గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే ఆ బండలు ఏటికేడు తగ్గిపోతున్నాయి. వాటిని కాపాడాలని 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ రాళ్ల మధ్య నడకలు ఏర్పాటు చేస్తుంటుంది. జువాలజీ చదివేవాళ్లకు అక్కడ, జియాలజీ చదివేవాళ్లకు ఇక్కడ... పాఠంలో చదివింది కళ్లముందు కనబడుతుంది.

పేవ్‌మెంటు మీద పుస్తకాలు

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దిగి ఉంటాయి. వాటి ముందు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఇంజినీరింగ్ గైడ్ల పక్కనే చలం, రష్యన్ నవలల పక్కనే చందమామ. జేబులో రెండొందలుంటే రెండు మూడు పుస్తకాలతో తిరిగి రావచ్చు. బేరమాడటం వచ్చినవాళ్లయితే ఇంకోటి అదనం!

అక్కడినుంచి సుల్తాన్‌బజార్ ఎంతో దూరం లేదు. 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అక్కడే ఉంది. నిజాం పాలనలో తెలుగు చదువుకోవడానికి చోటు కోసం పెద్దలు పెట్టుకున్న గ్రంథాలయం అది. మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్లతో అది కళకళలాడుతూ ఉంటుంది. గదిలో నలుగురి మధ్య చదువు సాగనివాళ్లకు అంతకంటే ఏం కావాలి? నదికి అవతలి ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం సెలవు కాబట్టి ఆదివారం నిశ్చింతగా వెళ్లొచ్చు. గంట గంటకీ గడియారంలోంచి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టడం చూడటానికి పెద్దవాళ్లూ చిన్నపిల్లల్లా ఎదురుచూస్తారక్కడ.

సాయంత్రాలకు బంజారాహిల్స్‌లోని లామకాన్ ఉంది. 2010లో మొదలైంది. నాటకం, చర్చ, పాట, సినిమా... ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. టీ తాగుతూ వినొచ్చు. 'బంజారాహిల్సా? అక్కడంతా ఇంగ్లిషేనేమో' అని జంకేవాళ్లు చాలామంది. నిజమే, మొదటిసారి ఎవరికైనా బెరుకే. వెనక వరసలో కూర్చుని వినండి చాలు. మూడోసారి వెళ్లేసరికి ప్రశ్న అడగాలనిపిస్తుంది. తెలుగులోనే అడగండి!

నాలుగు గంటల సాయం

మరొకరికి పనికొచ్చే ఆదివారాలూ ఉంటాయి. చూపులేని విద్యార్థుల పరీక్షల కాలమూ ఇదే. వాళ్లు చెబుతుంటే రాసిపెట్టేవాళ్లు దొరక్క ఎంతోమంది అవస్థపడుతుంటారు. వాళ్లకు గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇస్తారు కాబట్టి మూడు గంటల పరీక్ష నాలుగు గంటలవుతుంది. చెప్పింది చెప్పినట్టు రాయాలి. సొంత తెలివి చూపించకూడదు. రాసేవారి చదువు ఎంత ఉండాలన్న దానికి నిబంధనలుంటాయి కనుక ముందుగా కనుక్కోవాలి. ఆ నాలుగు గంటలు మీవి కావు. కానీ అవతలి మనిషికి ఏడాది మిగులుతుంది.

డెంగీ జ్వరాలు పూర్తిగా తగ్గని కాలం కూడా ఇది. ఆస్పత్రుల్లో రక్తం కోసం పరుగులు కనబడుతూనే ఉంటాయి. తలసీమియా ఉన్న పిల్లల్లో చాలామందికి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. 18 ఏళ్లు నిండి, 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్, మంచి ఆరోగ్యం ఉంటే రక్తం ఇవ్వొచ్చు. అబ్బాయిలు మూడు నెలలకు, అమ్మాయిలు నాలుగు నెలలకు ఒకసారి. హాస్టల్లో సరిగా తినని అమ్మాయిలకు హిమోగ్లోబిన్ తక్కువుందని ముందు అక్కడే తెలుస్తుంది. అదీ మంచికే!

కాలేజీలో ఎన్ఎస్ఎస్ ఉంటే పేరు నమోదు చేసుకోండి. గాంధీజీ శతజయంతి సంవత్సరం 1969లో మొదలైన పథకమిది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. ఆ ఏడు రోజులు ఒక పల్లెలో ఉండి వచ్చినవాళ్లకు 'మీ గురించి చెప్పండి' అన్న ప్రశ్నకు మాటలు వెతుక్కునే అవసరం రాదు.

సంపాదించాలనుకుంటే...

నెలాఖరుకు జేబు ఖాళీ అయ్యే విద్యార్థికి పార్ట్‌టైమ్ పని ఆశపెడుతుంది. తప్పు లేదు. స్కూలు పిల్లలకు ట్యూషన్ చెప్పొచ్చు. పండగల సీజన్లో దుకాణాల్లో, ఎగ్జిబిషన్ స్టాళ్లలో పని దొరుకుతుంది. ఇంటర్న్‌షిప్‌లకు ఏఐసీటీఈ పోర్టల్ ఉంది. డబ్బు ఇవ్వకపోయినా పని నేర్పే చోటు మంచిదే. పనిలో చేరేముందు ఎన్నాళ్లు, ఏం పని, సర్టిఫికెట్ ఇస్తారా అన్నవి కాగితం మీద రాయించుకోవాలి.

ఒక్కటి మాత్రం మరవకూడదు. ఉద్యోగం ఇస్తామని ఎదురు డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు. 'వీడియోకి లైక్ కొడితే యాభై రూపాయలు' అన్న మెసేజ్ మొదట వందలిస్తుంది, తర్వాత వేలు లాగేస్తుంది. అంతకంటే ప్రమాదం మరొకటుంది. 'నీ బ్యాంకు ఖాతా కొన్నాళ్లు వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం' అంటారు. సైబర్ మోసగాళ్లు దోచిన సొమ్ము ఆ ఖాతాలోంచే వెళుతుంది. పోలీసులు ముందుగా వచ్చేది ఖాతాదారు దగ్గరికే! రెండువేలకు ఆశపడితే చదువే ఆగిపోయే ప్రమాదం. మోసపోయామని తెలియగానే సిగ్గుపడి దాచుకోకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

స్కాలర్‌షిప్పుల సంగతీ చూసుకోవాలి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్, రాష్ట్ర ఈ-పాస్ వెబ్‌సైట్లలో గడువు తేదీలు ఏటా మారుతుంటాయి. ఆదాయ ధ్రువపత్రమూ కావాలి. కాబట్టి దసరాకు వెళ్లినప్పుడు తెచ్చుకోకపోతే దీపావళికి మరవొద్దు.

ఓటు పని కూడా ఇప్పుడే పూర్తి చేసుకోవచ్చు. ఒకప్పుడు జనవరి 1 నాటికి 18 నిండితేనే అవకాశం. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తేదీలను లెక్కలోకి తీసుకుంటున్నారు. 17 నిండినవాళ్లు ముందే ఫారం-6 ఇచ్చి ఉంచొచ్చు. హాస్టల్లో ఉండేవాళ్లు సొంతూళ్లోనైనా, ఇక్కడైనా నమోదు కావొచ్చు. రెండుచోట్లా మాత్రం కుదరదు.

అమ్మానాన్నలకు ఓ మాట

'చదువుకోమని పంపిస్తే తిరుగుళ్లేంటి?' అని అనిపించడం సహజం. ఆడపిల్లయితే భయం మరింత. భయపడొద్దని చెప్పడం తేలిక, ఊరుకోవడం కష్టం. అందుకే కొన్ని ఒప్పందాలు ముందే చేసుకుంటే మంచిది. ఎక్కడికి, ఎవరితో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి తెలియాలి. మొదట్లో ఇద్దరు ముగ్గురు కలిసే వెళ్లాలి. అత్యవసరమైతే 112 గుర్తుండాలి. తెలంగాణ చిరునామాతో గుర్తింపు కార్డున్న అమ్మాయిలకు 2023 డిసెంబరు నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టే లేదు. ఖర్చు సాకూ చెల్లదన్నమాట! వారానికి ఒక్క ఆదివారం బయట గడిపితే మార్కులు పడిపోవు. దారి అడిగి, బస్సు మారి, కొత్తవాళ్లతో మాట్లాడి వచ్చిన పిల్లలకు రేపు కొత్త ఊళ్లో ఉద్యోగమొచ్చినా బెంగ ఉండదు.

ఇంతకీ విద్యార్థులు తలచుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఈ నగరంలోనే ఓ సాక్ష్యముంది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు ఆర్థిక సర్వే చేయాలనుకున్నారు. దానికి డబ్బు కావాలి. పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్న ప్రదర్శన పెట్టారు. తర్వాత నాంపల్లికి మారిన అదే నుమాయిష్! ఇప్పటికీ జనవరి వస్తే కుటుంబాలకు కుటుంబాలు అక్కడికి కదులుతాయి. అది పుట్టింది అప్పుడే చదువులు ముగించుకున్న కుర్రాళ్ల ఆలోచనలోంచే.

అందరూ నుమాయిష్‌లు పెట్టనక్కర్లేదు. దీపావళి వెళ్లాక వచ్చే మొదటి ఆదివారం అలారం పెట్టుకుని లేస్తే చాలు. ఆ సాయంత్రం నాన్న ఫోన్ చేసి 'ఏం చేశావురా ఇవాళ?' అంటాడు. చెప్పడానికి చాలా ఉంటుంది!