విలువ రాయకపోతే విలువే లేదు

ఖరీదైన వాచీని పంపేవారు డబ్బా మీద పెట్టే శ్రద్ధ రసీదు మీద పెట్టరు. నష్టపోయేది అక్కడే

న్యూయార్క్‌లో పేరుమోసిన నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ 1958 నవంబరు 8న హోప్ వజ్రాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు పంపించారు. సాయుధ వాహనం లేదు. కాపలా బృందం లేదు. గోధుమరంగు కాగితం చుట్టిన డబ్బా ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లింది, అంతే. మొత్తం ఖర్చు 145.29 డాలర్లు. అందులో తపాలా ఛార్జీ 2.44 డాలర్లు మాత్రమే. మిగిలిన 142.85 డాలర్లూ పది లక్షల డాలర్ల బీమాకు కట్టినవి. గోల్కొండ రాజ్యంలోని కొల్లూరు గనిలో, అంటే నేటి పల్నాడు ప్రాంతంలో, దొరికిందని భావించే ఆ నీలి వజ్రం రెండు రోజుల తర్వాత పోస్ట్‌మ్యాన్ చేతుల మీదుగా క్షేమంగా చేరింది.

ఈ కథలో వజ్రం కంటే ఆ రసీదే ఆసక్తికరం. మోసుకెళ్లడానికి రెండున్నర డాలర్లు, పోతే పూచీ పడడానికి 143 డాలర్లు. రవాణా వేరు, పూచీ వేరు. ఒకటి కొంటే రెండోది ఉచితంగా రాదు. లక్షల రూపాయల వాచీని పార్శిల్ చేసే చాలామంది మర్చిపోయేది ఈ చిన్న తేడానే.

మన దగ్గర ఇలాంటి పార్శిళ్లు తక్కువేమీ కాదు. స్విస్ వాచీకి సర్వీసింగ్ చేయించాలంటే వరంగల్‌లోనో రాజమండ్రిలోనో కుదరదు, ముంబయికో బెంగళూరుకో పంపాలి. పాత వాచీలు సేకరించేవారు ఊరుగాని ఊరిలోని అమ్మకందారు నుంచి తెప్పించుకుంటారు. డల్లాస్‌లో ఉన్న కొడుకు తండ్రి షష్టిపూర్తికి ఓ ఒమేగా పంపుతాడు. వీరందరి చేతిలోనూ ఒక రసీదు, ఒక ట్రాకింగ్ నంబరు ఉంటాయి. ఆ నంబరే రక్షణ అనుకుంటారు. పార్శిల్ చివరిసారి ఎక్కడ కనిపించిందో చెప్పడం వరకే దాని పని. పోయిన సొమ్ము తిరిగి ఇప్పించే శక్తి దానికి లేదు.

చట్టం ఎవరి పక్షాన ఉందో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. పోస్టులో వస్తువు పోయినా, చెడిపోయినా, ఆలస్యమైనా ప్రభుత్వం తనంతట తాను ఒప్పుకొన్న మేరకు తప్ప బాధ్యత వహించదని 1898 నాటి భారత తపాలా చట్టంలోని ఆరో సెక్షన్ తేల్చేసింది. ఉద్యోగి మోసం చేశాడనో, కావాలని చేశాడనో తేలితే తప్ప అతనిపైనా దావా నిలవదు. వలస పాలకుల నాటి ఆ చట్టం పోయి, 2023 నాటి పోస్టాఫీస్ చట్టం 2024 జూన్ 18న అమల్లోకి వచ్చింది. ఈ మినహాయింపు మాత్రం పదో సెక్షన్ రూపంలో కొత్త చట్టంలోనూ భద్రంగా ఉంది. స్పీడ్ పోస్టు వస్తువు పోతే చెల్లించే పరిహారంపై 1999లో వచ్చిన నిబంధన మరీ విచిత్రం: కట్టిన ఛార్జీకి రెట్టింపు లేదా వెయ్యి రూపాయలు, ఏది తక్కువైతే అది.

దీన్ని దాటాలంటే తపాలా బీమా తీసుకోవాలి. అయితే స్పీడ్ పోస్టు బీమాకు తపాలా శాఖ పెట్టిన పరిమితి లక్ష రూపాయలు. అమెరికా తపాలా వ్యవస్థ దేశీయ రిజిస్టర్డ్ మెయిల్‌కు 50,000 డాలర్ల దాకా బీమా ఇస్తుంది. లక్షన్నర వాచీకి లక్ష బీమా చేయించిన వ్యక్తి మిగతా యాభై వేలకు తానే పూచీదారు. 2025 సెప్టెంబరు 1న దేశీయ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో విలీనం చేశాక, చిరునామాదారుకే అందించే రిజిస్ట్రేషన్, ఓటీపీ చెబితేనే ఇచ్చే డెలివరీ వంటివి అదనపు సేవలుగా వచ్చాయి. వాచీ పంపేవారికి రెండూ పనికొచ్చేవే. వస్తువు తప్పుడు చేతిలో పడకుండా అవి కాపాడతాయి. దారిలో పోయిన వస్తువుకు ధర కట్టవు.

ప్రైవేటు కొరియర్ అయితే మేలనుకోవడానికీ లేదు. కన్‌సైన్‌మెంట్ నోట్ వెనక చీమతలకాయంత అక్షరాల్లో బాధ్యత పరిమితి ఉంటుంది. 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది ఆ అక్షరాల సంగతే. జర్మనీలోని కొనుగోలుదారుకు కొరియర్‌లో పంపిన పత్రాలు చేరలేదు. రాష్ట్ర కమిషన్ నాలుగు లక్షల రూపాయలకు పైగా పరిహారం ఇవ్వమంది. సంతకం చేసిన ఒప్పందంలో వంద డాలర్లే పరిమితి అని ఉంది కాబట్టి అంతకు మించి రాదని జాతీయ కమిషన్ చెప్పింది, సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. చదవకుండా పెట్టిన సంతకం కూడా సంతకమే.

విమానంలో విదేశాలకు వెళ్లే కార్గోకైతే లెక్క మరోలా ఉంటుంది. భారత్ 2009లో చేరిన మాంట్రియల్ ఒప్పందం నష్టపరిహారాన్ని బరువుతో తూస్తుంది. 2024 డిసెంబరు 28 నుంచి ఆ పరిమితి కిలోకు 26 ఎస్‌డీఆర్‌లు, అంటే సుమారు 35 డాలర్లు. డబ్బాతో కలిపి కిలో తూగే వాచీ విలువ పది లక్షలైనా దక్కేది మూడు వేల రూపాయల చిల్లర. పంపేటప్పుడే విలువను ప్రత్యేకంగా ప్రకటించి, అందుకు అదనపు రుసుము కడితేనే ఈ పరిమితి తొలగుతుంది. తపాలా ద్వారా వెళ్లే వస్తువులకు ఈ ఒప్పందం వర్తించనే వర్తించదు.

కాబట్టి కౌంటర్ దగ్గర అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఎప్పటికి చేరుతుంది’ అని కాదు, ‘పోతే ఎంత ఇస్తారు’ అని. ‘ఓనర్స్ రిస్క్’ అని రాసి ఉంటే జవాబు దొరికినట్టే: దాదాపు ఏమీ ఇవ్వరు. ‘క్యారియర్స్ రిస్క్’ కింద పంపాలంటే విలువను బట్టి అదనంగా కట్టాలి. వాచీలను, నగలను అసలు తీసుకోమనే షరతు ఉందేమో కూడా చూడాలి. వద్దన్న వస్తువును ‘విడి భాగాలు’ అని రాసి పంపితే, పోయిన రోజున ఆ రాతే ఎదురు తిరుగుతుంది.

విలువ పెద్దదైతే బీమా కంపెనీ నుంచి నేరుగా రవాణా పాలసీ తీసుకోవడం ఉత్తమం. పేరు ‘మెరైన్ కార్గో’ అయినా రోడ్డు మీద, రైల్లో, విమానంలో వెళ్లే సరుకుకూ ఇదే వర్తిస్తుంది. ఖరీదైన వాచీలకు ముందస్తు అంగీకారం అడగడం మామూలే. దొంగతనం, గల్లంతు రెండూ కవరవుతాయా, పార్శిల్ ఏ క్షణం నుంచి ఏ క్షణం దాకా కవరేజీలో ఉంటుంది అన్నవి రాతపూర్వకంగా తేల్చుకోవాలి. సరిగా ప్యాక్ చేయకపోవడం, వస్తువులోని సహజ లోపం, ఆలస్యం వల్ల నష్టం సాధారణంగా మినహాయింపుల్లో ఉంటాయి. బీమా నష్టాన్ని పూడుస్తుందే కానీ లాభం ఇవ్వదు. రెండు లక్షల వాచీకి ఐదు లక్షలు రాసినా వచ్చేది రెండు లక్షలే.

అమ్మకాల్లో మరో చిక్కుంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం సరుకును రవాణాదారుకు అప్పగిస్తే మామూలుగా కొన్నవారికి అప్పగించినట్టే. అంటే దారిలో పోతే నష్టం చాలాసార్లు కొన్నవారి నెత్తినే పడుతుంది. అయితే వస్తువు స్వభావాన్ని బట్టి సబబైన రవాణా ఒప్పందం చేసుకోవలసిన బాధ్యత అమ్మేవారిది. అది చేయకపోతే ఆ అప్పగింతను కొన్నవారు ఒప్పుకోనక్కర్లేదు. బీమా అమ్మినవారి పేర, నష్టం కొన్నవారిది అయినప్పుడు తగవు ముదురుతుంది. డబ్బు పంపకముందే బీమా ఎవరు కడతారు, క్లెయిమ్ ఎవరికి వస్తుంది అని రాసుకోవడం ఉభయులకూ క్షేమం.

విదేశాల నుంచి వచ్చే వాచీల దగ్గర ఆశ మరో తప్పు చేయిస్తుంది. కస్టమ్స్ సుంకం తప్పించుకోవడానికి ‘బహుమతి, 50 డాలర్లు’ అని రాయడం. బహుమతులకిచ్చిన మినహాయింపును కేంద్రం 2019 డిసెంబరులోనే రాఖీలకు, ప్రాణరక్షక మందులకు పరిమితం చేసింది. తప్పుడు విలువ రాస్తే 1962 నాటి కస్టమ్స్ చట్టం కింద జప్తు, జరిమానా తప్పవు. ఒకవేళ దారిలో పోతే, 50 డాలర్లని రాసినవారు 5,000 డాలర్లు ఎలా అడుగుతారు?

ఇక డబ్బా సంగతి. వాచీని మెత్తని గుడ్డలో చుట్టి, లోహపు పట్టీ కేసు వెనక భాగానికి రాసుకోకుండా మధ్యలో మరో పొర పెట్టాలి. చిన్న డబ్బాను పెద్ద డబ్బాలో ఉంచి చుట్టూ కదలకుండా నింపాలి. బయట బ్రాండ్ పేరు కానీ, వాచీ అన్న మాట కానీ కనిపించకూడదు. కస్టమ్స్ పత్రంలో మాత్రం నిజమే రాయాలి. బిల్లు, సీరియల్ నంబరు, ఫొటోలు, ప్యాకింగ్ వీడియో దాచుకోవాలి. పార్శిల్ బరువును గ్రాములతో సహా రసీదు మీద వేయించుకోవాలి. పోస్టాఫీసు అరుగు మీద తెల్లగుడ్డ కుట్టించి, లక్క ముద్రలు వేయించిన తరానికి ఇది కొత్త కాదు. ముద్ర చెక్కుచెదరలేదా, బరువు తగ్గలేదా అన్నది చూశాకే వారు సంతకం పెట్టేవారు. తీసుకునేవారికి నేటికీ అదే సూత్రం. డబ్బా చినిగినట్టు అనిపిస్తే సిబ్బంది ముందే తెరవాలి, కుదరకపోతే ఆ మాట రసీదు మీద రాయాలి. అంతా బాగుందని సంతకం పెట్టాక చేసే ఫిర్యాదుకు బలం ఉండదు. విమాన కార్గోలో నష్టానికి 14 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయకపోతే దావా హక్కే పోతుంది.

ఇదంతా పంపేవారి జాగ్రత్త. ప్రభుత్వం చేయవలసిందీ ఉంది. 125 ఏళ్ల తర్వాత చట్టాన్ని తిరగరాసినప్పుడు బాధ్యత నుంచి తప్పుకునే వాక్యాన్ని జాగ్రత్తగా మోసుకొచ్చిన ప్రభుత్వం, కనీసం ఆ సంగతి పౌరుడికి తెలిసేలా చేయాలి. బీమా పరిమితిని నేటి ధరలకు తగ్గట్టు పెంచాలి. ప్రతి రసీదు మీద, కొరియర్‌దైనా తపాలాదైనా, ‘ఈ వస్తువు పోతే మీకు వచ్చేది ఇన్ని రూపాయలు’ అన్న ఒక్క వరుస పెద్ద అక్షరాల్లో, స్థానిక భాషలో ఉండాలి. అది చదివాక బీమా వద్దనుకునేవారు చాలా తక్కువమందే ఉంటారు.