పండు ఒకరు తింటే శిక్ష ఎందరికి?

పోయిన నెల మా వీధిలో ఓ బాలింత ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టారు. పాస్టరుగారు బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేశాక తల్లివైపు తిరిగారు. "అమ్మా, నువ్వు పడ్డ నొప్పులు హవ్వ అవిధేయతకు వచ్చిన శాపం. దేవుడు నిన్ను దాటించాడు, స్తోత్రం చెప్పు" అన్నారు. పెద్దాపరేషన్ కుట్లు ఇంకా మానని ఆ అమ్మాయి కుర్చీ అంచున సర్దుకుని కూర్చుని స్తోత్రం చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమెన్ అన్నారు. ఆ ఆమెన్ నాకింకా మింగుడు పడలేదు.

వాళ్ళ మాట ముందు ఉన్నదున్నట్టు చెబుతాను. ఆదికాండం ప్రకారం ఏదెను తోట మధ్యలో జీవవృక్షం ఉంది. మంచి చెడ్డల తెలివినిచ్చే చెట్టు కూడా ఉంది. ఈ రెండోదాని పండు తినొద్దని దేవుడన్నాడు. సర్పం మాట విని హవ్వ తింది, ఆదాముకీ పెట్టింది, అందుకే ఆ శాపం. దేవుడు మనిషికి స్వేచ్ఛనిచ్చాడనీ, మనిషి దాన్ని పాడు చేసుకున్నాడనీ, ఆ చెట్టు మన ఎంపికకు గుర్తనీ బోధకులంటారు. వినడానికి ఎంత పెద్దరికంగా ఉందో!

మంచేదో చెడేదో తెలిసేదే ఆ పండు తిన్నాక. మరి తినకముందు, మాట వినకపోవడం చెడ్డదని హవ్వకు ఎలా తెలుస్తుంది? పాకే పసివాడి ముందు నిప్పుల కుంపటి పెట్టి, ముట్టుకోవద్దని చెప్పి, ముట్టుకున్నాడని వాడి మునిమనవల దాకా వాతలు పెట్టే తండ్రిని మనం ఏమంటాం? ఏడేళ్ళలోపు పిల్లలు ఏం చేసినా మన చట్టం నేరంగా లెక్కించదు. మనుషులు రాసుకున్న చట్టానికున్న ఆ పాటి దయ ఈ కథలో లేదు.

ఆ కథ తోటలోనే ఆగిపోయి ఉంటే నాకు పేచీ లేదు. అది ఆగలేదు. పౌలు పేరున్న తిమోతి మొదటి పత్రిక, మోసపోయింది ఆదాము కాదు స్త్రీయే అని చెప్పి, ఆడవాళ్ళు బోధించకూడదని తీర్మానించింది. ఆదాము పాపం పుట్టుకతోనే ప్రతి బిడ్డకూ అంటుతుందని క్రైస్తవ వేదాంతి అగస్టీన్ వాదించాడు. బాప్తిస్మం లేకుండా చనిపోయిన పసికందులకు కూడా శిక్ష తప్పదన్నాడు, కాకపోతే అందరికంటే తేలికైన శిక్షట. బిడ్డలు పాపంతో పుట్టరన్న పెలాగియస్ బోధను 418లో కార్తేజ్ సభ ఖండించింది. ఆ తీర్పు ఎంత దూరం వెళ్ళిందో ఐర్లాండ్‌లో చూడొచ్చు. బాప్తిస్మం అందక చనిపోయిన పిల్లలను చర్చి శ్మశానంలోకి రానివ్వక, పొలం గట్ల మీదా పాడుబడ్డ దిబ్బల్లోనూ పూడ్చారు. పేరు చెక్కిన రాయి కూడా లేదు. ఇరవయ్యో శతాబ్దంలోనూ ఇది నడిచింది. అలాంటి పిల్లలకు మోక్షం ఉంటుందని ఆశించవచ్చని వాటికన్ వేదాంత సంఘం చెప్పడానికి 2007 దాకా పట్టింది. అన్ని వందల ఏళ్ళు ఆ తల్లులు ఏ గుండెతో బతికారో ఏ సభా లెక్క చూడలేదు.

మనుషుల మీద ఇంత కఠినమైనా, చెట్ల మీద జాలి బైబిల్లో లేకపోలేదు. ద్వితీయోపదేశకాండం ఇరవయ్యో అధ్యాయం తీయండి. ఊరిని ముట్టడించేటప్పుడు పండ్ల చెట్లను నరకొద్దని అందులో ఆజ్ఞ ఉంది. ఈ మాట మీద పర్యావరణ ప్రసంగాలు విన్నాను. దానికి కాస్త పైనే, కనాను పట్టణాల్లో ఊపిరున్న దేన్నీ బతకనివ్వొద్దని ఉంది. అది ఏ ప్రసంగంలోనూ వినలేదు. చెట్ల మీద జాలి కూడా అన్నిచోట్లా లేదు. మార్కు సువార్తలో యేసు ఆకలేసి అంజూరపు చెట్టు దగ్గరికి వెళ్ళి, కాయ లేదని దాన్ని శపిస్తాడు, అది ఎండిపోతుంది. అది అంజూరాల కాలం కాదని ఆ సువార్తే చెబుతోంది. కాలం కానప్పుడు కాయని చెట్టు తప్పేమిటి?

హవ్వ శాపం మాట నాకు కొత్త కాదు, నేను పుట్టింది క్రైస్తవ ఇంట్లోనే. చిన్నప్పుడు మా చిన్నమ్మ కాన్పుకి అమ్మతోపాటు ఆసుపత్రికి వెళ్ళాను. రెక్సిన్ చిరిగిన ఇనుప మంచం మీద పైట చెంగు పళ్ళ మధ్య కుక్కుకుని మెలికలు తిరిగిపోతోంది చిన్నమ్మ. అరిస్తే ఆయా కసిరేది. "ఓర్చుకోవే తల్లీ, హవ్వమ్మ తిన్న పండుకి మనకీ పాట్లు" అంది మా అమ్మమ్మ, ఏడుస్తూనే. నర్సుని పిలవమని, నొప్పికి మందు అడగమని ఒక్కరికీ తోచలేదు. శాపానికి మందేమిటి అన్న నమ్మకం అంత గట్టిగా పాతుకుపోయింది.

మందు అప్పటికే నూరేళ్ళ పాతది. 1847లో ఎడింబరోలో డాక్టర్ జేమ్స్ యంగ్ సింప్సన్ కాన్పు నొప్పులకు క్లోరోఫాం అనే మత్తుమందు వాడాడు. మతం పేరు మీద వచ్చే అభ్యంతరాలకు జవాబుగా ఆ ఏడాదే ఓ చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఆదాము పక్కటెముక తీసేముందు దేవుడే అతనికి గాఢనిద్ర కలిగించాడు కదా అని వాళ్ళ గ్రంథంలోంచే చూపించాడు. ఓ డాక్టరు ఆడదాని నొప్పి తగ్గించడానికి వేదాంతం వాదించాల్సి వచ్చిందంటేనే ఆ చెట్టు నీడ ఎంత దూరం పాకిందో తెలుస్తోంది. 1853లో విక్టోరియా రాణి ఎనిమిదో కాన్పుకి డాక్టర్ జాన్ స్నో చేత క్లోరోఫాం తీసుకుంది.

ఇదంతా ప్రతీక, అక్షరాలా తీసుకోకూడదని చదువుకున్న మిత్రులంటారు. చెట్టు ప్రతీక, పాము ప్రతీక, పండు ప్రతీక. మరి శిక్ష ఒక్కటీ ఆడదాని ఒంటి మీద నిజంగా ఎందుకు పడాలి?

కాన్పు నొప్పికి కారణం గర్భసంచి కండరాలు బిగుసుకోవడం, గర్భాశయ ముఖద్వారం సాగడం. దానికి వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ మందు ఉంది. గర్భిణులారా, నెలలు నిండకముందే మీ డాక్టరుని దాని గురించి అడగండి. అత్తలారా, తల్లులారా, పక్కన నిలబడి మీరూ అడగండి. పాస్టరుగారూ, పచ్చి బాలింత ముందు ఆ శాపం మాట ఇంకెప్పుడూ ఎత్తకండి.