ముంగిటి తోటయు, పెరటి మడియు

“పెరటిచెట్టు మందునకు పనికిరాదు” అను సామెతను మనము తరచుగా వినుచుందుము. చేరువనున్నదానిని చులకనగా చూచు మానవస్వభావమును ఎత్తిపొడుచుటకై పెద్దలీ మాటను పలికిరి. మనమో, దానినొక విధిగా గ్రహించినట్లున్నది. చూపునకు ఇంటిముందు పూలమొక్కలు, నోటికి ఇంటివెనుక కూరమొక్కలు అని గీతగీసి, ముందుదానికి గౌరవమును, వెనుకదానికి మరుగును కల్పించితిమి. ఇప్పుడు పెరడు సిమెంటు గచ్చుగా మారుచుండుటచే ఆ రెండవది కానరాకుండ పోవుచున్నది. ఈ విభజన తగదనియు, కంటికింపైన తోటయే కడుపునకును ఆధారము కావలెననియు నా అభిప్రాయము.

ఈ తప్పు నేనును చేసితిని. పొరుగురాష్ట్రమున, తిరుపతిలో, ఉపాధ్యాయశిక్షణ ముగించుకొని ఈ హోసూరు ప్రాంతమునకు వచ్చి ఇల్లు కట్టుకొన్నప్పుడు, మా తల్లి గేటు ప్రక్కన చిక్కుడుపాదు పెట్టినది. వచ్చిపోవువారేమనుకొందురో యని నేను దానిని తీయించి, క్రోటను కుండీలను వరుసగా పెట్టించితిని. ఆమె ఏమియు అనలేదు. కొన్నాళ్లకు తొమ్మిదవ తరగతిలో పాఠము చెప్పుచు, పొట్లపువ్వు ఎట్లుండునని అడిగితిని. ఒక్కరును చెప్పలేకపోయిరి. పువ్వు తెచ్చి చూపుదమన్నను నా యింటను లేదు. ఆ సాయంకాలము మా తల్లితో ఈ సంగతి చెప్పగా, “పాదు లేనిచోట పేరెట్లా నిలుస్తుందిరా, నాయనా?” అన్నది.

మనబోటివారికి ఆ మాట మరింత సత్యము. వీధిలో తమిళము, సరిహద్దు దాటినంతనే కన్నడము వినవచ్చు ఈ చోట, మన బిడ్డలకు తెలుగుమాట పుస్తకమున మాత్రమే మిగులుట మేలు కాదు. మునగను తమిళులు మురుంగై యందురు, కన్నడిగులు నుగ్గె యందురు. బచ్చలిని వారు పసలై యనియు, వీరు బసళె యనియు పిలుతురు. ఇవి యన్నియు ఒకే దడిమీద అల్లుకొన్న చుట్టములు. పొరుగువారితో విత్తనములు మార్చుకొనునప్పుడు పేర్లను గూడ మార్చుకొనవచ్చును. మనచేత విత్తనమే లేనిచో మార్చుకొనునదేమున్నది?

“కూరమొక్కకు అందమెక్కడిది?” అని కొందరడుగవచ్చును. బెండపువ్వు మందారమునకు దగ్గరి చుట్టము. లేతపసుపు రేకుల నడుమ ముదురెరుపు. పొట్లపువ్వు తెల్లని దారపుకుచ్చులతో చీకటిపడు వేళ విచ్చును. బీరపువ్వు సాయంకాలమున పచ్చగా వెలుగును. ఎర్రతోటకూర రంగునకు క్రోటను రంగు తీసిపోవును. ఎర్రకాడల బచ్చలి, ఊదాపూల వంగ, నిప్పువన్నె పూల దానిమ్మ, ఇవి పూలతోటలో నిలువదగనివా? అవిసెపువ్వు చూచుటకును, వండుకొనుటకును పనికివచ్చునది గదా!

పెద్దస్థలము అక్కరలేదు. పది అడుగుల వెడల్పు, ఇరువది అడుగుల పొడవున్న చోటు చాలును. దినమునకు ఆరుగంటలైనను ఎండ తగులవలెను. సంవత్సరమున అధికభాగము సూర్యుడు మనకు దక్షిణముగా నడచును గనుక, పందిరిని ఉత్తరపుదిక్కున కట్టినచో తక్కిన మొక్కలపై నీడ పడదు. దానిపై పొట్ల, బచ్చలి, చిక్కుడు పాకింపవలెను. మడి వెడల్పు 4 అడుగులకు మించరాదు. ఇరువైపులనుండి చేయి నడిమికి అందవలెను గదా. నడుమ వంగ, బెండ, మిరప. అంచున ఎర్రతోటకూర, కొత్తిమీర. మూలల దానిమ్మ, కరివేప. పుదీన చోటు దొరికిన కొలది పాకును గావున దానిని కుండీలో నుంచుట మేలు.

బంతిని మడి నడుమనే నాటుడు. దాని వేళ్లనుండి వెలువడు పదార్థము ఇతర మొక్కల వేళ్లకు పట్టు సూక్ష్మమైన పురుగులను అణచును. దాని పూలు కీటకములను రప్పించును. పొట్ల, బీర మొదలగువానికి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. కీటకములు పుప్పొడిని మోయనిచో కాయ నిలువదు. చిక్కుడు వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు బలమిచ్చును. అనగా ఈ తోటలో పువ్వు కాయకును, కాయ పువ్వునకును తోడు. అయితే ఒక హెచ్చరిక: గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త విషములు. వానిని ఈ మడిలోనికి రానీయరాదు.

ఆకు కోసినచో మడి బోసిపోవునందురు. నిజమే. అందుకే తోటకూరను ఒకేసారి పెరుకక, సగము కోసి, పక్షమునకొకసారి కొత్తవిత్తు చల్లవలెను. నీరేదియందురు. బియ్యము, కూరలు కడిగిన నీరు దినమును పారబోయుచునే యున్నాము. నీరు లేనిచో మండువేసవిలో క్రోటనును బ్రదుకదు. దారినపోవువారు కోసికొందురందురు. రెండు కాయలు కోసికొన్నంత మాత్రమున మన యిల్లు గుల్లగాదు, మాట కలియును.

1950లో నాటి కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె. ఎం. మున్షీ వనమహోత్సవమును ప్రారంభించిరి. 2019లో నాటి కేంద్ర మానవవనరుల అభివృద్ధి శాఖ, బడులలో కూరతోటలు పెంచుటకు మార్గదర్శకములు వెలువరించినది. ఉత్తరువులు కాగితముపై మొలకెత్తవు. మన పాఠశాల జెండాకంబము చుట్టునున్న మడిలో సగమైనను ఈ తొలకరికి ఇట్లు మార్చుదము. విద్యార్థులారా! ఒక్కొక్కరు ఇంటినుండి పిడికెడు విత్తనములు, వానితోపాటు మీ అవ్వ పలుకు పేరును తెండు.

మా తల్లి ఆ చిక్కుడుగింజలను పాతగుడ్డలో మూటగట్టి దాచియుంచినది. గేటు ప్రక్కన ఈసారి నేనే పాదు తీసితిని. ఊదాపూలు పూచినవి. వచ్చినవారు మొదట వానినే చూచుచున్నారు.