మొదటి కుట్టు ఎవరి ఒంటి మీద?

ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరులో 150 ఎంబీబీఎస్ సీట్లతో మొదలైంది. పెద్దాసుపత్రి బోధనాసుపత్రిగా మారింది. పెదపాడు నుంచో, కొల్లేటి లంకల నుంచో అక్కడికి వెళ్లే రోగికి ఇది లాభమే. స్పెషలిస్టులు, పరీక్షలు పెరుగుతాయి. వాటితోపాటు మంచం చుట్టూ నేర్చుకునే పిల్లలూ వస్తారు. వాళ్లు వేసే మొదటి కుట్టు ఎవరి ఒంటి మీద పడాలి?

మా తరం దాకా జవాబు తెలిసిందే. రాత్రిపూట క్యాజువాలిటీకి వచ్చిన పేదవాడి మీద. ఒకసారి చూడు, ఒకసారి చెయ్యి, తర్వాత ఇంకొకరికి నేర్పు అన్నదే పద్ధతి. గదికి అద్దె కట్టుకోగలిగిన రోగి మీద ఎవరూ నేర్చుకోలేదు.

2019లో చేరిన బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్ పాఠ్యక్రమం మారింది. గాయానికి కుట్లు, కట్టు, పైపైన ఉన్న చీముగడ్డ కోయడం వంటివి చదువు పూర్తయ్యేలోగా విద్యార్థి స్వయంగా చేయగలగాలి. అందుకు ముందు నమూనాల మీద సాధన చేయడానికి ప్రతి కాలేజీలో స్కిల్స్ ల్యాబ్ ఉండాలి. 150 సీట్ల కాలేజీకైతే దాని విస్తీర్ణం కనీసం 600 చదరపు మీటర్లు. ఇది మంచి నిబంధన. అయితే తనిఖీలో గదిని కొలవడం తేలిక, చేతులను కొలవడం కష్టం. ప్లాస్టిక్ కవరు విప్పని బొమ్మలు, తాళం వేసిన గది ఉన్నా కాగితం మీద ల్యాబ్ ఉన్నట్టే!

నిజానికి కుట్లు నేర్చుకోవడానికి ఖరీదైన బొమ్మ అక్కర్లేదు. అరటి తొక్క, స్పాంజి ముక్క, చికెన్ కొట్లో తీసి పారేసే కోడిచర్మం చాలు. సూది నిటారుగా దిగాలి. గాయానికి రెండు పక్కలా సమానమైన దూరం తీసుకోవాలి. అంచులు ఆనుకుంటే చాలు. మరీ బిగిస్తే రక్తం అందక అంచు చచ్చుబడుతుంది. మెత్తటి తొక్క మీద బిగిస్తే చిరిగి వెంటనే కనిపిస్తుంది. మనిషి మీద బిగిస్తే నాలుగు రోజుల తర్వాతగానీ తెలియదు, అప్పటికి కుట్టినవాడి డ్యూటీ మారిపోయి ఉంటుంది. కావలసిందల్లా పక్కన నిలబడి, తప్పు చూపించి, విప్పించి మళ్లీ వేయించే మాస్టారు. కొరత ఉన్నది అక్కడే. ఓపీలో రెండొందల మందిని చూసిన సర్జన్‌ని మధ్యాహ్నం అరటి తొక్కల దగ్గర కూర్చోమంటే ఎలా? బొమ్మలకు నిధులిచ్చినట్టే బోధకుడి సమయానికీ లెక్క కట్టాలి.

బొమ్మ నేర్పలేనివీ ఉన్నాయి. అది ఏడవదు, చెయ్యి లాక్కోదు. కొడవలి తెగిన వేలికి కుట్లు వేసే ముందు "వేలు మడవండి, చాచండి" అని అడగాలి. లోపల స్నాయువు (టెండన్) తెగిందేమో చూడకుండా పైన చక్కగా కుడితే వేలు శాశ్వతంగా పోవచ్చు. కుక్క కాటైతే సాధారణంగా వెంటనే కుట్టకూడదు. సబ్బు నీళ్లతో పావుగంట కడగాలి, అవసరమైతే గాయంలో రేబీస్ ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాలి. ఎప్పుడు కుట్టకూడదో రోగి పక్కన, సీనియర్ సమక్షంలోనే తెలుస్తుంది. కాబట్టి ల్యాబ్ వచ్చింది కదా అని వార్డు పాఠం తగ్గించడం నాకు సమ్మతం కాదు.

ఏలూరు తొలి బ్యాచ్ 2028లో హౌస్‌సర్జన్లవుతుంది. ఆ తర్వాత వారిలో కొందరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వెళ్తారు. కలపర్రు టోల్‌గేటు దగ్గర బైకు మీంచి పడ్డవాడో, చెరువు పట్టుబడిలో చెయ్యి కోసుకున్నవాడో ముందుకొచ్చినప్పుడు అక్కడ సీనియర్ ఉండకపోవచ్చు.

ఈలోగా బోధనాసుపత్రికి వెళ్లేవారు ఒక మాట అడగవచ్చు: "బాబూ, కుట్టేది మీరేనా? పెద్ద డాక్టరు గారు పక్కన ఉంటారా?" అలా అడగడం మర్యాద తప్పడం కాదు. పక్కన పెద్ద డాక్టరు ఉంటే విద్యార్థిని చెయ్యనివ్వండి.